సోల మారితే

మా అమ్మ ఆవకాయ పాళ్ళు ఓ నోటుపుస్తకంలో రాసి ఇచ్చింది. పాతిక కాయలకి ఆవపిండి ఇన్ని సోలలు, కారం ఇన్ని, ఉప్పు ఇన్ని అని ముత్యాల్లాంటి అక్షరాలతో. పెళ్ళయిన మొదటి వేసవిలో ఆ పుస్తకం ముందు పెట్టుకుని అక్షరం తప్పకుండా కలిపాను. నెల తిరక్కుండా జాడీలో బూజు! అమ్మ వచ్చి పుస్తకం వైపు చూడనైనా చూడలేదు. నా స్టీలు సోల చేతిలోకి తీసుకుని, "ఇదేం సోలే తల్లీ! మన ఇత్తడి సోలలో ముప్పాతిక కూడా ఉండదు" అంది. కాయలు లెక్కకి పాతికే, ఉప్పేమో చిన్న సోలతో. ఇంకేముంది!

ఇన్నేళ్ళకి ఆ సోల ఎందుకు గుర్తొచ్చిందంటే, మా కోడలు వల్ల. కాలేజీలో పైథాన్ అనే కంప్యూటర్ భాష చెబుతుంది. మొన్న వేసవిలో మా వీధి ఆడవాళ్ళకి కూడా ఆదివారం పాఠం మొదలుపెట్టింది. లెక్కల టీచరుగా రిటైరైన నేనూ లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు పాఠం సాగితే ఒట్టు! ఒకరి దాంట్లో పైథాన్ పాతది, ఒకరి దాంట్లో కావలసిన సరంజామా లేదు, ఇంకొకరి దాంట్లో అన్నీ ఉన్నా ఎర్రటి అక్షరాలు. రెండు గంటలు అలా గడిచాక నలుగురు లేచారు. "మనకెక్కడ అబ్బుతుంది లెండి" అన్నారు. నా మనసు చివుక్కుమంది. ముప్పై ఏళ్ళు బడిలో ఆడపిల్లల నోట విన్న మాటే అది. వాళ్ళ బుర్రలో లోపమేమీ లేదు, సోల తేడా అంతే.

ఆ రాత్రి కోడల్ని కూర్చోబెట్టి అడిగితే చెప్పిన చరిత్ర బాగుంది. మీకూ చెబుతాను.

ఆ పాఠాలు రాసిపెట్టుకునేది కూడా నోటుబుక్కే. తెర మీద గడులుంటాయి. ఒక గడిలో మామూలు మాటల్లో వివరణ, కింద గడిలో కంప్యూటర్‌కి చెప్పే ఆజ్ఞ. మీట నొక్కితే జవాబు ఆ గడి కిందే పడుతుంది. ప్రోగ్రాం అనేది ముందు మనిషి చదువుకునేలా ఉండాలని 1984లో డొనాల్డ్ నూత్ అనే పండితుడు వాదించాడు. 1988లో వచ్చిన మేథమెటికా అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి నోటుబుక్కునే తెర మీద పెట్టింది, కాకపోతే కొనుక్కోవాలి. 2001లో ఫెర్నాండో పెరెజ్ అనే కొలంబియా కుర్రాడు, అమెరికాలో భౌతికశాస్త్రం సిద్ధాంతవ్యాసం రాయాల్సినవాడు, అది పక్కన పెట్టి ఐపైథాన్ అనే చిన్న ప్రోగ్రాం రాసుకున్నాడు. (చదువు ఎగ్గొట్టి చేసిన పనులు అప్పుడప్పుడు ఇలా ఫలిస్తాయి, మీ పిల్లలకి చెప్పకండి.) దానికే 2011లో నోటుబుక్కు రూపం వచ్చింది. 2014లో జూపిటర్ అన్నారు. జూలియా, పైథాన్, ఆర్ అనే మూడు భాషల పేర్లు అందులో కలిశాయి. అంతేకాదు, 1610లో గెలీలియో గురుగ్రహం పక్కన చిన్న చుక్కలు ఏ రాత్రి ఎక్కడున్నాయో బొమ్మలు గీసి రాసుకున్న కాగితాలకి అదొక నమస్కారం. చూసింది చూసినట్టు రాసి, ఎదుటివాళ్ళూ చూసేలా చేశాడు కదా!

కానీ ఎదుటివాళ్ళు చూడగలుగుతున్నారా? 2019లో వచ్చిన ఒక పరిశోధనలో, జనం నలుగురి కోసం బయట పెట్టిన నోటుబుక్కులు 14 లక్షల పైచిలుకు సేకరించి, నడపడానికి వీలున్నవి నడిపి చూశారు. తప్పు లేకుండా చివరిదాకా నడిచినవి నూటికి 24. మొదటి జవాబే మళ్ళీ వచ్చినవి నూటికి నాలుగు! కొన్నిట్లో గడులు వరస తప్పి నడిపారు, కొన్నిటికి కావలసిన దినుసులేవో రాయనేలేదు. మా అమ్మకి తన సోల కొలత రాయాలని తోచనట్టే.

దీనికి విరుగుడు వంటింటినే పెట్టెలో పెట్టి పంపడం. నవ్వకండి! 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్‌లీన్ అనే లారీల ఆసామి 58 పెద్ద పెట్టెలు ఓడకెక్కించి న్యూయార్క్ పక్కనున్న న్యూవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. అంతవరకు బస్తా బస్తా మనుషులు మోసేవారు. కంప్యూటర్లలో ఈ పని నెమ్మదిగా జరిగింది. 1979లో యూనిక్స్‌లో ఒక ప్రోగ్రాంకి, నీకు ప్రపంచం ఈ గది మాత్రమే అని చూపే ఏర్పాటు వచ్చింది. 2000లో ఇంకా గట్టి గోడలు కట్టి దానికి జైలు అని పేరు పెట్టారు. గోడలైతే ఉన్నాయి గానీ మామూలువాళ్ళకి తాళం తీయడం రాదు. 2013 మార్చిలో కాలిఫోర్నియాలో పైథాన్ సభలో సాలమన్ హైక్స్ అయిదు నిమిషాల్లో డాకర్ అనేదాన్ని చూపించాడు. దాని బొమ్మ వీపున పెట్టెలు మోసే తిమింగలం! ఏ పైథాన్ కావాలో, ఏ దినుసులు కావాలో ఓ కాగితం మీద రాస్తే పెట్టె తయారవుతుంది. ఆ పెట్టెని ఎవరి కంప్యూటర్లో తెరిచినా లోపల అదే వంటిల్లు.

మరుసటి ఆదివారం కోడలు పెట్టె కట్టి పెన్‌డ్రైవులో తెచ్చింది. నేను ఆ నలుగురి ఇళ్ళకీ వెళ్ళి బతిమాలాను. ముగ్గురొచ్చారు. ఒక ఆజ్ఞ, తర్వాత బ్రౌజర్‌లో 8888 అనే గుమ్మం నంబరు, తాళంచెవి లాంటి పొడవాటి అక్షరాల వరస. అందరి తెరల మీదా ఒకటే పాఠం! ఒకావిడ పాత లాప్‌టాప్ మాత్రం ఆ బరువు మోయలేక ఆగిపోయింది. పెట్టెలో సరుకులుంటాయి గానీ పొయ్యి మనదే కావాలిగా. ఆవిడ నా పక్కన కూర్చున్నారు.

నా సంగతంటారా? ఆ వారమంతా పది లెక్కలు చేసి, శుభ్రంగా ఉంటుందని పెట్టె తీసేశాను. మళ్ళీ తెరిస్తే ఒక్కటీ లేదు.

"అత్తయ్యా, జాడీ కడిగేశారు" అంది కోడలు. "రాసింది పెట్టెలో ఉంచకూడదండీ. మీ ఫోల్డర్‌కి దారి కలిపి ఉంచుకుంటే పెట్టె పోయినా అది ఉంటుంది."

"ఆ మాట ముందే చెప్పొద్దూ అమ్మాయ్!" అన్నాను గానీ, చెప్పే ఉంటుంది. ఈసారి దారి కలిపి మళ్ళీ కూర్చున్నాను. రెండోసారి చేస్తుంటే తెలిసింది, మొదటిసారి చేసిన పదిలో రెండు తప్పులే.