రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు

ఆర్కన్సా రాష్ట్రపు వాయవ్య మూలన ఉన్న బెంటన్‌విల్ 1990 జనగణన నాటికి 11,257 మంది ఉన్న చిన్న ఊరు. 2020లో ఆ సంఖ్య 54,164. వాల్‌మార్ట్ ప్రధాన కార్యాలయం, దానికి సరుకు అమ్మే కంపెనీలు చుట్టూ తెరిచిన కార్యాలయాలు, వీటన్నిటికీ సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే సంస్థలు ఈ పెరుగుదలకు ముఖ్య కారణం. ఈ సంస్థల వెంట వచ్చి స్థిరపడినవారిలో తెలుగువాళ్ళు తక్కువేమీ కాదు.

ఇది సమాచారాన్ని పంచుకోవడం మీద బతికే ఊరు. 1987లో వాల్‌మార్ట్ తన దుకాణాలను ప్రధాన కార్యాలయంతో కలిపే ఉపగ్రహ వ్యవస్థను పూర్తి చేసింది. అమెరికాలో అప్పటికి ప్రైవేటు సంస్థలు నడుపుకునే ఉపగ్రహ వ్యవస్థలలో అదే పెద్దది. 1991లో రీటెయిల్ లింక్ అనే ఏర్పాటు వచ్చింది. సబ్బులు అమ్మే కంపెనీ తన సబ్బులు ఏ దుకాణంలో ఎన్ని అమ్ముడుపోయాయో తన బల్ల దగ్గర కూర్చునే చూసుకోగలిగింది. వందల మైళ్ళ దూరాన ఉన్న దుకాణం లెక్కలు ఇలా నిమిషాల మీద చేతికందిన ఊళ్ళోనే, ఒక అపార్ట్‌మెంటు హాల్లో ఉన్న కంప్యూటరు నుంచి పడగ్గదిలోని కంప్యూటరుకు ఒక ఫైలు చేర్చడం, ఆ గదిలోని ప్రింటరు మీద ఒక కాగితం తీయడం చాలా ఏళ్ళపాటు సెలవురోజు సాయంత్రాలను మింగేసిన పని. పెద్దది అంత సులువై, చిన్నది ఇంత కష్టమెందుకైంది? చిన్నదానికి పెద్ద సాంకేతికత అందలేదన్నది సరైన సమాధానం కాదు. రెంటికీ పునాది దాదాపు ఒకటే. తేడా అంతా పెత్తనంలో ఉంది. రీటెయిల్ లింక్‌లో ఎవరు ఏది చూడవచ్చో నిర్ణయించే యజమాని ఒక్కరే. ఇంట్లోని రెండు కంప్యూటర్ల మధ్య అలాంటి పెద్ద ఎవరూ లేరు.

ఈ చరిత్రలో ఫైలు కంటే ప్రింటరే ముందు వస్తుంది. 1971లో గ్యారీ స్టార్క్‌వెదర్ అనే ఇంజనీరు జిరాక్స్ కంపెనీ తూర్పుతీరపు ప్రయోగశాల నుంచి కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో పరిశోధన కేంద్రానికి మారి, అక్కడ లేజర్ ప్రింటరును తయారు చేశాడు. 1973లో అదే కేంద్రంలో ఆల్టో అనే కంప్యూటరు సిద్ధమైంది. ఒక్కొక్క పరిశోధకుడి బల్ల మీద ఒక్కొక్క ఆల్టో పెట్టవచ్చు గానీ, సెకనుకు ఒక పేజీ అచ్చువేసే అంత పెద్ద యంత్రాన్ని ఒక్కొక్కరికీ ఇవ్వడం అయ్యే పని కాదు. అందరి కంప్యూటర్ల నుంచీ ఆ ఒక్క ప్రింటరుకూ దారి కావాలి. బాబ్ మెట్‌కాఫ్ 1973 మే 22న రాసిన లేఖలో వర్ణించి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి నిర్మించిన ఈథర్నెట్ పుట్టుకకు ఈ అవసరం ఒక ముఖ్య కారణం. దాని మొదటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఈనాడు మన ఇళ్ళల్లో గోడకు ఆనుకుని మిణుకుమిణుకుమనే డబ్బాలన్నీ దాని వారసులే.

ప్రింటరు ఖరీదు మరో పదేళ్ళపాటు ఈ కథను నడిపించింది. 1984లో వచ్చిన హెచ్.పి. లేజర్‌జెట్ ధర 3,495 డాలర్లు. మరుసటి ఏడు వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ 6,995 డాలర్లు. అందుకే ఆపిల్ ఆ ప్రింటరును పలు మెకింటాష్‌లు కలిసి వాడుకునేలా తీర్చిదిద్దింది. ఐ.బి.ఎం. పి.సి.లు వాడేవారు రెండు యంత్రాల కేబుళ్ళను ఒక చిన్న డబ్బాకు తగిలించి, ఎ అనో బి అనో చేత్తో మీట తిప్పుకునేవారు. ఆ డబ్బాకు సంకేతపదం అక్కర్లేదు, అది ఎప్పుడూ పాడయ్యేదీ కాదు. తరువాత వచ్చిన చాలా పరిష్కారాల కంటే అదే నమ్మకమైనదని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

ఫైళ్ళ పంపకానికి నేటికీ ఆధారమైన ఎస్.ఎం.బి. అనే పద్ధతి 1980ల తొలినాళ్ళలో ఐ.బి.ఎం.లో బ్యారీ ఫైగెన్‌బామ్ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆలోచన సరళమైనది, తెలివైనది కూడా. ఒక ప్రోగ్రామ్ ఏదో ఫైలు తెరవమని అడుగుతుంది. ఆ కోరికను మధ్యలో పట్టుకుని, తీగ మీదుగా పక్క యంత్రానికి పంపి, జవాబు తెచ్చి అందిస్తారు. ఫైలు తన డిస్కు మీదే ఉందని ప్రోగ్రామ్ అనుకుంటుంది. ప్రింటరు విషయంలోనూ అంతే. ఎల్.పి.టి.1 అన్న పేరు తన వెనక ఉన్న రంధ్రానిదని వర్డ్‌ప్రాసెసర్ నమ్ముతుంది, కాగితం మాత్రం పక్కగదిలో వస్తుంది.

ఇక ఆ పక్క యంత్రాన్ని కనుక్కోవడమెలా? ఇక్కడే ‘పెద్ద లేని ఇల్లు’ సమస్య మొదలవుతుంది. సైటెక్ అనే సంస్థ ఐ.బి.ఎం. కోసం తయారుచేసిన నెట్‌బయాస్‌లో పేర్లు రాసిపెట్టే కరణం ఎవరూ లేరు. కంప్యూటరు లేవగానే వీధిలో నిలబడి ‘ఫలానా పేరు ఎవరికైనా ఉందా?’ అని కేకవేస్తుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఆ పేరు తనదే. పేరుకు 15 అక్షరాలే చోటు, 16వది ఆ యంత్రం అందించే సేవ ఏదో తెలిపే గుర్తు. వీధిలో ఎవరెవరున్నారో జాబితా రాసే బాధ్యతను యంత్రాలు తమలో తాము ఎన్నిక పెట్టుకుని ఒకరికి అప్పగిస్తాయి. కాస్త కొత్త విండోస్ ఉన్న యంత్రానికి గెలుపు అవకాశం ఎక్కువ. ఒక్కొక్క యంత్రం మొదట్లో తరచుగా, తరువాత 12 నిమిషాలకోసారి ‘నేనున్నాను’ అని చాటుతుంది. మూడుసార్లు వినబడకపోతేనే దాని పేరు కొట్టేస్తారు. అంటే ఆపేసిన కంప్యూటరు మరో 36 నిమిషాలు జాబితాలో దర్శనమిస్తూనే ఉంటుంది. ఎన్నికల పెద్ద హఠాత్తుగా నిద్రపోతే జాబితాయే కొంతసేపు మాయమవుతుంది. నిన్న కనిపించిన కంప్యూటరు ఇవాళ ఎందుకు కనిపించదని తల పట్టుకున్న లక్షలమందికి, అది తమ పొరపాటు కాదని, ఎన్నిక ఇంకా తేలలేదని చెప్పినవారు లేరు.

1992 అక్టోబరులో వచ్చిన విండోస్ ఫర్ వర్క్‌గ్రూప్స్ ఈ సదుపాయాన్ని సర్వరు కొనలేని చిన్న కార్యాలయాలకు అందించింది. 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 దాన్ని ఇళ్ళకు తెచ్చింది. నెట్‌వర్క్ కార్డులు రెండు, వాటి మధ్య ఒక క్రాసోవర్ కేబులు ఉంటే చాలు. మామూలు కేబులులో ఒకటి ఒకటికి, రెండు రెండుకు కలుస్తాయి. ఇందులో ఒకటి మూడుకు, రెండు ఆరుకు కలుస్తాయి. ఒకరి నోరు మరొకరి చెవికి తగిలేలా అన్నమాట. మామూలు కేబులు కొనుక్కొచ్చి రాత్రంతా కూర్చున్నవారు కొందరు.

ఆ పద్ధతి వెనక ఒక నమ్మకం ఉంది: తీగ మీద ఉన్నవాళ్ళంతా ఒక పని చేసుకునే మనవాళ్ళే. విండోస్ 95, 98లలో సంకేతపదం మనిషికి కాదు, ఫోల్డరుకు. అదీ ఎంత బలహీనమో 2000 అక్టోబరులో బయటపడింది. అడిగే యంత్రం ఎన్ని అక్షరాలు పంపిందో అన్నిటినే పోల్చి చూసేవారు. మొదటి అక్షరం ఒక్కటే పంపి, అది సరిపోతే, తలుపు తెరుచుకునేది. నిజానికి ఈ నమ్మకం అక్షరాలా చెల్లే చోటు ఇల్లే. కానీ అది ఇంటికి చేరేసరికి ఇంటికి గోడలు లేకుండాపోయాయి. 1990ల చివర కేబుల్ మోడెమ్ నేరుగా కంప్యూటరుకు తగిలించుకున్నవారికి, అదే కేబులు మీది పొరుగువారి కంప్యూటర్లు ‘నెట్‌వర్క్ నైబర్‌హుడ్’లో కనిపించిన సందర్భాలున్నాయి. ఒక కంపెనీ ఉపమానంగా పెట్టిన పేరు ఇంత వాస్తవమైపోవడం అరుదు.

మన ఇళ్ళల్లో దీనికి మరో చిక్కు తోడైంది. తీగ బాగున్నా, పేర్లు కలిసినా, సంకేతపదం సరిపోయినా, తెలుగు ఫైలు దాటేది కాదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఫైలు దాటేది, తెలుగు దాటేది కాదు. యూనికోడ్ మొదటి సంచిక 1991లోనే తెలుగుకు చోటిచ్చినా, విండోస్ దాన్ని చూపగలిగింది 2001లో ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చాకే. అంతకుముందు అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలను కూర్చేవి. ఆ ఫాంటు లేని రెండో కంప్యూటరులో అదే ఫైలు తెరిస్తే కనిపించేది లాటిన్ గుర్తుల పిచ్చిగీతలు. రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో రోమన్ లిపిలో రాసుకున్నవారికి ఈ బెడద లేదు, కాని చూడటానికి అది తెలుగు కాదు. తరువాత దేశికాచార్యుల పోతన2000, వేమన2000 ఫాంట్లు యూనికోడ్ దారి పట్టించాయి.

అయితే ప్రింటరు దగ్గర కథ వేరు. విండోస్ 98లో అక్షరాన్ని ఆకారంగా మార్చే పని పంపే యంత్రంలోనే పూర్తయ్యేది. తీగ మీద పోయేది అక్షరపు సంఖ్య కాదు, దాని బొమ్మ. కాబట్టి ప్రింటరు తగిలించిన కంప్యూటరులో తెలుగు ఫాంటు లేకపోయినా వినాయకవ్రతకల్పం చక్కగా అచ్చయ్యేది. ఫైలుగా దాటలేని తెలుగు అచ్చుగా దాటింది. రెండు కంప్యూటర్ల తెలుగు ఇంట్లో ప్రింటరు పంపకం సదుపాయం మాత్రమే కాదు, కొన్నాళ్ళు మన లిపికి అదే ఉమ్మడి దారి.

ఫైళ్ళ పేర్ల విషయం ఇంకొంచెం ఆలస్యమైంది. కాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే విద్యార్థి 1990ల ఆరంభంలో తీగ మీది సంభాషణను గమనించి ఎస్.ఎం.బి.ని యూనిక్స్ మీద తిరిగి నిర్మించాడు. ఎస్, ఎం, బి అక్షరాలు ఆ వరుసలో వచ్చే మాట కోసం నిఘంటువు వెతికితే ‘సాంబ’ దొరికింది. (మనవాళ్ళెవరో పెట్టారనుకున్న తెలుగువారున్నారు. ఆ గౌరవం బ్రెజిల్ నృత్యానికే.) పాత కంప్యూటరు మీద లినక్స్ పెట్టి ఇంటి ఫైళ్ళన్నీ దానిలో దాచుకోవడం ఐ.టి. ఉద్యోగుల ఇళ్ళల్లో ఒక సరదా. 2003 సెప్టెంబరులో వచ్చిన సాంబ 3.0 యూనికోడ్‌ను అంగీకరించేదాకా ఆ పెట్టెలో తెలుగు పేరుతో ఫైలు దాచుకోవడం నమ్మదగ్గ పని కాలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. 2001 నుంచి 2003 వరకు హెచ్-1బి వీసాల వార్షిక పరిమితి 1,95,000. ఆ కాలంలోనూ, తరువాతా బెంటన్‌విల్ వంటి ఊళ్ళకు చేరిన ఇంట్లో రెండో కంప్యూటరు కొన్నది కాదు, ఉద్యోగంతో వచ్చిన లాప్‌టాప్. అది ఇంట్లో ఉన్నా ఇంటిది కాదు. దాని పేరు, దాని సంకేతపదం, దానిలో ఏ ప్రింటరు డ్రైవరు ఎక్కించవచ్చన్నది కంపెనీ డొమైన్ నిర్ణయిస్తుంది. వి.పి.ఎన్. తగిలించగానే చాలా కంపెనీల ఏర్పాటులో సమాచారమంతా ఆ సొరంగంలోకే పోతుంది. పక్కగదిలోని ప్రింటరు, కళ్ళెదుట ఉన్నా, కనిపించదు. ఇంటి డెస్క్‌టాప్ ముందు కూర్చున్నది తరచుగా హెచ్-4 మీద వచ్చిన భార్య. 2015 మే 26 నుంచి వారిలో కొందరికి పని అనుమతి దొరికేదాకా ఆ వీసా మీద ఉద్యోగం చేసే హక్కు లేదు. అంటే ఇంట్లోని రెండు కంప్యూటర్లలో ఒకటి ఉద్యోగానిది, రెండోది ఉద్యోగార్హత లేనివారిది. వీసా దరఖాస్తులు, పన్ను కాగితాలు, ఇంటి ఒప్పందాలు అచ్చు తీయాల్సివచ్చినప్పుడు మొదటిదాని నుంచి రెండోదానికి అవి ఈమెయిల్ మీదో, జేబులోని యు.ఎస్.బి. పుల్ల మీదో నడిచి వెళ్ళాయి. సమానుల మధ్య పంపకానికి పుట్టిన పద్ధతి ఈ ఇంట్లో ఓడింది కేబులు దగ్గర కాదు. రెండు యంత్రాలూ సమానులు కాకపోవడం దగ్గర.

మిగిలిన కథ త్వరగానే ముగిసింది. 2009లో విండోస్ 7 హోమ్‌గ్రూప్ అనే ఏర్పాటుతో, ఒకే సంకేతపదంతో, ఇంటిని ఒక సమూహంగా గుర్తించే ప్రయత్నం చేసింది. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రలో ఇంటిని ఇల్లుగా చూసిన ప్రయత్నం అదొక్కటే. 2018లో దాన్ని తీసేశారు. అప్పటికే ప్రింటర్లు సొంతంగా వైఫై అందుకున్నాయి, ఫైళ్ళు డ్రాప్‌బాక్స్, గూగుల్ డ్రైవ్‌లకు చేరాయి. పక్కగదికి పోవాల్సిన ఫైలు వేల మైళ్ళు తిరిగి వస్తోంది, మధ్యలో మళ్ళీ ఒక యజమాని ఉన్నాడు.

పాత నమ్మకానికి మూల్యం 2017 మే 12న చెల్లించాల్సివచ్చింది. వన్నాక్రై ఎస్.ఎం.బి. మొదటి సంచికలోని లోపం గుండా యంత్రం నుంచి యంత్రానికి పాకింది. బ్రిటన్ ఆసుపత్రులతోపాటు ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు వంటి జిల్లాల పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు నుంచి కొత్త విండోస్ 10లో ఆ సంచికను ముందుగా ఎక్కించడం మానేశారు. స్కాన్ చేసి నేరుగా ఫోల్డరులో పెట్టే పాత ప్రింటర్లు అనేకం ఆ సామర్థ్యం కోల్పోయాయి. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో సంచిక, పంపిన ప్రతి మాట కింద సంతకం ఉండాలని పట్టుబడుతోంది, సంతకం చేయడం తెలియని పాత పెట్టెలతో మాట్లాడనంటోంది. రౌటరు వెనక తగిలించిన డిస్కులో, సంకేతపదం లేకుండా, పదేళ్ళ పిల్లల ఫోటోలు దాచుకున్న ఇళ్ళల్లో ఆ ఫోల్డరు ఒక రోజు తెరుచుకోవడం మానేసింది. ఫోటోలు అక్కడే ఉన్నాయి. పాత కంప్యూటరు నుంచి ఇంకా కనిపిస్తున్నాయి.