నకలు చూచి చదువుట

వేదాంత కళాశాలలో మా గురువుగారు ఒకనాడు యెషయా గ్రంథపు చుట్ట ఫోటో ప్రతిని బల్లపై పరచిరి. 1947 ప్రాంతమున మృత సముద్రము చెంత కుమ్రాను గుహలో దొరికిన చుట్ట అది. పొడవు 24 అడుగులు, 54 నిలువు వరుసలు. 1948లో జాన్ ట్రెవర్ యెరూషలేములో దానికి ఫోటోలు తీయగా, 1950లో అవి పుస్తకముగా వెలువడినవి.

40వ అధ్యాయమున గడ్డిని, పువ్వును గూర్చిన మాటలు రెండు మారులు వచ్చును. లేఖరి కన్ను మొదటిదానినుండి రెండవదానికి దాటిపోయి, నడుమ మాటలు విడిచిపెట్టెను. తరువాత మరియొకరు వాటిని పంక్తుల సందున, అంచు వెంబడి ఇరికించి వ్రాసిరి. అచ్చు బైబిలులో ఇది కనబడదు, నకలులో కనబడును. లేఖరులు కూడ మనవంటి మనుష్యులే అని ఆనాడు నాకు తెలిసినది.

తెలుగునాట నకళ్ల విలువ ఎరిగినవాడు సి.పి. బ్రౌను దొర. కడపలో పండితులను, లేఖకులను జీతమిచ్చి పెట్టుకొని తాళపత్రములకు కాగితపు ప్రతులు తీయించెను.

మన తెలంగాణలో బొమ్మల చుట్టలే కలవు. చేర్యాల నకాశీలు ఖాదీ బట్టకు చింతగింజల అంబలి, సుద్ద, బంక పట్టించి, మూడడుగుల వెడల్పు, నలుబది అడుగులకు పైబడిన పొడవుతో పటములు వ్రాసెడివారు. డక్కలివారు మాదిగలకు జాంబపురాణమును, కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణమును అట్టి పటములు చూపి చెప్పెడివారు. పటము చినిగినచో దానిని చూచి క్రొత్తది వ్రాయించి, పాతదానిని నీటిలో విడుచుట ఆచారము. కనుకనే పాతవి అరుదు.

ఎల్లారెడ్డి వైపు పల్లెలో ఒక అవ్వకు పుస్తకములోని పటము ఫోటోలు చూపితిని. "మా నాయన బాప్తిస్మం తీసుకున్నంక మమ్ముల పోనియ్యలే" అన్నది. అయినను బొమ్మ తరువాత బొమ్మ వ్రేలితో చూపుచు, పుస్తకములో లేని పేళ్లన్నియు చెప్పినది. పెద్దల జాగ్రత్తను నేను తప్పుపట్టను. కాని మన తాతలు తమ పుట్టుకను గూర్చి ఏమి తలచిరో తెలుపు గ్రంథము మన ఇండ్లలో మరియొకటి లేదు. యువజన కూటములో ఈ బొమ్మలు చూపిన తప్పేమి? పాడువాని గొంతు మాత్రము నకలులో రాదు.

కామారెడ్డి ప్రాంతపు ఒక సంఘములో పాత బాప్తిస్మ రిజిస్టరు తిప్పుచుండగా నా చేతిలోనే ఒక పుట మూల విరిగి పొడియైనది. ఆ మూలనున్న పేరు ఎవరిదో! మరుసటి వారమే తక్కిన పుటలన్నిటికి ఫోటోలు తీయించితిని. ఇప్పుడు తాతల పేళ్లు వెదకువారికి ఆ నకలునే ఇచ్చుచున్నాము, రిజిస్టరు పెట్టెలోనే ఉన్నది.