హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు: 1954 సీజన్

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఒకే ఏడాది రోవర్స్ కప్, డ్యూరాండ్ కప్ రెండూ గెలిచిన సీజన్ ఇది. అప్పట్లో బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను ఆ జట్టు 1950 నుంచి వరుసగా గెలుస్తూ వచ్చింది. 1954 విజయం ఐదవది. ఢిల్లీలో డ్యూరాండ్‌ను 1950 తర్వాత మళ్లీ చేజిక్కించుకుంది.

ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మొదట బడిపంతులు, ఆ ఓపిక ఆయన శిక్షణలో కనిపించేది. బంతిని కాళ్ల దగ్గర ఉంచుకోకుండా వెంటనే అందించాలనేవారు. బలహీనమైన కాలితో మాత్రమే తన్నాలనే షరతు పెట్టి పోటీలు ఆడించేవారు. కుడికాలి వాటం ఆటగాడికి ఎడమకాలే దిక్కు. కలకత్తా పెద్ద క్లబ్బుల కీర్తి ముందు ఈ జట్టుకు తగిన పేరు రాలేదనే చెప్పాలి.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటివారు ఇక్కడినుంచే ఒలింపిక్స్‌కు వెళ్లారు. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఉండేది. హైదరాబాద్ వేరే రాష్ట్రం. 1956లో హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు ప్రాంతాలు ఆంధ్రతో కలిశాయి. తర్వాతి కాలంలో ఈ జట్టు పేరు ఆంధ్ర పోలీస్‌గా మారింది. ఆ పేరుతో 1961లో డ్యూరాండ్ గెలిచింది. రహీం 1963లో మరణించారు.