చౌదార్ చెరువు మీద రెండు తీర్మానాలు



మార్చి 20 వస్తే మనందరి వాల్ మీద ఒకే బొమ్మ. బాబాసాహెబ్ మెట్ల మీద వంగి, దోసిట్లో నీళ్లు తీసుకుంటున్న బొమ్మ. నేనూ ఏటా పెడతాను. అయితే ఆ దోసిలికి మూడేళ్ల ముందే ఆ చెరువును మనవాళ్లకు "తెరిచేశారు" అన్న సంగతి చాలామంది విద్యార్థులకు తెలియదు. కాగితం మీద తెరిచారు. తెరిచింది మున్సిపాలిటీ. మూసింది కూడా అదే మున్సిపాలిటీ. ఈ భాగంలో ఆ కాగితాల కథ చెప్తాను. ఊరేగింపు కథ మీకు తెలుసు, కాగితాల కథ కూడా తెలియాలి. ఎందుకంటే ఈరోజు మన వాడల్లో జరుగుతున్నది ఎక్కువగా ఆ కథే.

మహద్ కొంకణ్ ప్రాంతంలో సావిత్రి నది ఒడ్డున ఉన్న చిన్న పట్టణం. అప్పట్లో కొలాబా జిల్లా, ఇప్పుడు రాయగఢ్ జిల్లా. చుట్టుపక్కల పల్లెలకు అదే బజారు, అదే కోర్టు, అదే కచేరీ. ఆ పల్లెల్లో సైన్యంలో పనిచేసి పింఛనుతో ఇంటికొచ్చిన మహార్లు చాలామంది. అంటరానితనం మీద 1888లోనే పుస్తకం రాసిన గోపాల్ బాబా వాలంగ్‌కర్ ఆ చుట్టుపక్కలవాడే, ఆయనా మాజీ సైనికుడే. ఆ మనుషులు సరుకులకో, కోర్టు పనికో మహద్ వస్తే గొంతు తడుపుకోడానికి చుక్క నీళ్లు దొరకవు. ఊరి నడిమధ్యన నాలుగైదు ఎకరాల చెరువు. నాలుగు పక్కలా మున్సిపాలిటీ రోడ్లు. రోడ్ల అవతల సవర్ణుల ఇళ్లు, ఒక పక్క కొన్ని ముస్లిముల ఇళ్లు. ముస్లిములు ముంచుకోవచ్చు. పశువులు తాగొచ్చు. మహార్, చంభార్ మాత్రం ముట్టకూడదు.

ఇక తీర్మానాల దగ్గరికి వద్దాం.

1923 ఆగస్టు 4న బొంబాయి శాసన మండలిలో సీతారాం కేశవ్ బోలే ఒక తీర్మానం పెట్టాడు. ఆయన భండారీ కులస్తుడు. ప్రజల డబ్బుతో కట్టిన, ప్రజల డబ్బుతో నడిచే బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, కోర్టులు, ఆఫీసులు, దవాఖానాలు అంటరానివాళ్లు కూడా వాడుకోవచ్చన్నది దాని సారాంశం. తీర్మానం నెగ్గింది. సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని అమలు చేయమని కింది ఆఫీసులకు పంపింది. 1924 జనవరిలో మహద్ మున్సిపాలిటీ కూడా తీర్మానం చేసింది: చౌదార్ చెరువును అంటరానివాళ్లకూ తెరుస్తున్నాం అని. ఆ మున్సిపాలిటీలో సురేంద్రనాథ్ టిప్నిస్ లాంటి మంచి మనిషి ఉన్నాడు. పుట్టుకతో సవర్ణుడే అయినా తర్వాత పోరాటంలో చివరిదాకా మనవాళ్ల పక్కన నిలబడ్డాడు.

ఇదంతా బొంబాయి సంగతి అనుకోకండి. అదే 1924లో మద్రాసు శాసన మండలిలో ఆర్. వీరయ్యన్ రోడ్లు, బావులు, చెరువుల మీద ఇలాంటి తీర్మానమే పెట్టి నెగ్గించాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. అంటే మన తాతలకూ చేతిలో ఒక కాగితం ఉంది. ఉందన్న సంగతి ఎంతమంది తాతలకు చెప్పారు?

మహద్‌లో తీర్మానం అయింది. తర్వాత ఏమైంది? ఏమీ కాలేదు. 1924 పోయింది, 1925 పోయింది, 1926 పోయింది. చెరువు దగ్గరికి వెళ్తే కొడతారని అందరికీ తెలుసు, కొడితే మున్సిపాలిటీ అడ్డురాదని కూడా అందరికీ తెలుసు. బోలేకి ఈ సంగతి అర్థమైంది. 1926 ఆగస్టులో ఆయన మళ్లీ లేచి ఇంకో తీర్మానం తెచ్చాడు: మొదటి తీర్మానాన్ని అమలు చేయని మున్సిపాలిటీలకు, లోకల్ బోర్డులకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వకూడదు అని. వందేళ్ల కిందటే ఒక మనిషి ఎక్కడ నొక్కాలో కనిపెట్టాడు చూడండి. మాటకు కదలని మున్సిపాలిటీ డబ్బుకు కదులుతుందని ఆయన లెక్క.

1927 మార్చి 19, 20 తేదీల్లో మహద్‌లో కొలాబా జిల్లా అణగారిన వర్గాల సభ. దాసగావ్‌కు చెందిన ఆర్.బి. మోరే వెంటపడి బాబాసాహెబ్‌ను రప్పించాడు. పల్లెపల్లె నుంచి వేలమంది నడిచి వచ్చారు. ఇక్కడ ఒక చిన్న లెక్క గుర్తుపెట్టుకోండి. సభకు వచ్చినవాళ్లు తాగడానికి సవర్ణుల దగ్గర నీళ్లు కొన్నారు. నలభై రూపాయల నీళ్లు. చట్టప్రకారం తమకు తెరిచిన చెరువు ఊళ్లోనే ఉండగా, 1927లో నలభై రూపాయలు పోసి నీళ్లు కొనుక్కున్నారు. ఆ తీర్మానం విలువ ఎంతో తేల్చడానికి ఇంతకన్నా వేరే లెక్క అక్కర్లేదు.

రెండో రోజు సభ ముగిశాక అందరూ వరసకట్టి నడిచి వెళ్లి చెరువు నీళ్లు తాగారు. ఆ కొద్దిసేపటికే, వీళ్లు వీరేశ్వర ఆలయంలోకి కూడా దూరబోతున్నారని పుకారు లేపారు. తిరుగు ప్రయాణంలో ఉన్నవాళ్ల మీద, అన్నం తింటున్నవాళ్ల మీద కర్రలతో పడ్డారు. వండిన అన్నం మట్టిపాలు చేశారు. కొంతమందిని ముస్లిం కుటుంబాలు ఇళ్లలో దాచి కాపాడాయి. మాజీ సైనికులున్న గుంపు తిరగబడితే ఏమయ్యేదో బాబాసాహెబ్‌కు తెలుసు. ఆయన వాళ్లను ఆపాడు. దాడి చేసినవాళ్లలో ఐదుగురికి తర్వాత నాలుగు నెలల కఠిన శిక్ష పడింది.

తర్వాత చెరువును "శుద్ధి" చేశారు. నూట ఎనిమిది కుండలతో పాలు, పెరుగు, పేడ, గోమూత్రం కలిపి మంత్రాలతో చెరువులో పోశారు. మనిషి దోసిలి తగిలితే మైలపడ్డ నీళ్లు, పేడ కలిస్తే తాగేందుకు పనికొచ్చాయి. దీని మీద మనం నవ్వుకుంటాం. కానీ నవ్వి వదిలేయకండి. ఆ కుండలకన్నా పెద్ద శుద్ధి తర్వాత మున్సిపాలిటీ ఆఫీసులో జరిగింది.

1927 ఆగస్టు 4న మహద్ మున్సిపాలిటీ తన 1924 తీర్మానాన్ని రద్దు చేసుకుంది. తేదీ చూశారా? బోలే తీర్మానం ఆగస్టు 4. సరిగ్గా నాలుగేళ్ల తర్వాత అదే తేదీన దాన్ని ఈ ఊళ్లో పూడ్చిపెట్టారు. మూడేళ్లు ఎవరూ ముట్టనంత కాలం ఆ తీర్మానం ఎవరికీ అడ్డు రాలేదు. దాన్ని నిజమనుకుని మనుషులు చెరువులో దిగిన ఐదు నెలలకే అది అడ్డయింది. అమలు కానంత కాలం హక్కు బతికి ఉంటుంది, అమలు చేయబోతే రద్దవుతుంది. స్థానిక పాలనలో కులం పనిచేసే తీరు ఇదీ.

బాబాసాహెబ్ వెనక్కి తగ్గలేదు. డిసెంబర్ 25, 26 తేదీల్లో సత్యాగ్రహం అని ప్రకటించాడు. అప్పుడు మూడో ఎత్తు బయటికొచ్చింది. డిసెంబర్ 12న కొందరు సవర్ణులు మహద్ సివిల్ కోర్టులో దావా వేశారు. అసలా చెరువు పబ్లిక్‌ది కాదు, అంటరానివాళ్లను దూరంగా ఉంచడం అనాది ఆచారం అని వాదన. పద్నాలుగో తేదీకల్లా కోర్టు తాత్కాలిక నిషేధం ఇచ్చింది. సభకు స్థలం కూడా దొరకలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం పెద్దమనిషి తన భూమి ఇచ్చాడు. 25 రాత్రి మనుస్మృతిని తగలబెట్టారు. కోర్టు ఉత్తర్వు ఉంది కాబట్టి నీళ్లు ముట్టడం వాయిదా వేసి, చెరువు చుట్టూ ఊరేగింపుగా తిరిగి వెళ్లిపోయారు. చేతనైనా ఆరోజు చెరువు ముట్టకుండా ఆగడం ఎంత కష్టమో ఆలోచించండి.

తర్వాత పదేళ్లు కోర్టులు. తాత్కాలిక నిషేధం 1928 ఫిబ్రవరిలో తొలగింది. 1931లో మహద్ కోర్టు దావా కొట్టేసింది. 1933లో ఠాణే కోర్టులో అప్పీలు కూడా ఓడింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు రెండో అప్పీలును ఖర్చులతో సహా కొట్టేసింది. తీర్పు ఇచ్చినవాళ్లలో ఒకరు బ్రూమ్‌ఫీల్డ్, 1922లో గాంధీకి ఆరేళ్ల శిక్ష వేసిన జడ్జి ఆయనే. మనం గెలిచాం. అయితే ఎలా గెలిచామో విద్యార్థులు జాగ్రత్తగా చదవాలి. అంటరానితనం అన్యాయం అని హైకోర్టు చెప్పలేదు. అనాది ఆచారం ఉందని వాదులు రుజువు చేయలేకపోయారు అని మాత్రమే చెప్పింది. రుజువు చేసి ఉంటే, ఆ ఆచారం సమంజసమా కాదా, చెరువు మున్సిపాలిటీ అధీనంలో ఉండటం వల్ల ఏమవుతుంది అన్నవి చూడాల్సి వచ్చేది, ఇప్పుడు ఆ అవసరం లేదు అని వదిలేసింది. సాక్ష్యం చాలక వాళ్లు ఓడిపోయారు. సాక్ష్యం ఉంటే?

ఆ "ఉంటే" అన్న సందును మూసింది రాజ్యాంగం. ఆర్టికల్ 17 తీసి చదవండి. పక్కనే ఆర్టికల్ 15, రెండో క్లాజు చదవండి. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, పూర్తిగానో కొంతవరకో ప్రభుత్వ నిధులతో నడిచేవి, ప్రజల వాడకానికి కేటాయించినవి, ఎవరినీ కులం పేరుతో ఆపకూడదు. ఆ వాక్యంలో మీకు బోలే తీర్మానం గొంతు వినిపించట్లేదా? "ప్రజల డబ్బు" అన్న తర్కమే అది. మహద్ మున్సిపాలిటీ రద్దు చేసుకున్న మాట, ఏ మున్సిపాలిటీ రద్దు చేయలేని చోట ఎక్కి కూర్చుంది. దాన్ని అక్కడ కూర్చోబెట్టిన ముసాయిదా కమిటీకి అధ్యక్షుడు ఆ చెరువు దావాలో ప్రతివాది.

మరి రాజ్యాంగం వచ్చాక చెరువులు చల్లబడ్డాయా? కారంచేడు గుర్తులేదా? 1985 జులైలో అక్కడ కూడా మొదలైంది చెరువు దగ్గరే. మాదిగపల్లె తాగే నీళ్లలో గేదెల కుడితి బకెట్లు కడగొద్దని అడ్డుచెప్పినందుకు ఆ మర్నాడు, జులై 17న, పల్లె మీద పడి నరికారు. ఆరుగురు మాదిగలు చచ్చిపోయారు. మహద్ నుంచి కారంచేడు దాకా అడిగిన ప్రశ్న ఒక్కటే, ఈ నీళ్లు ఎవరివి అని.

ఇప్పుడు కర్రలు తక్కువ, కాగితాలు ఎక్కువ. నేను పనిచేసే పట్టణం పేరు చెప్పను. మా ఎస్సీ కాలనీకి మెయిన్ లైను వేస్తామని కౌన్సిల్ తీర్మానం చేసింది. ఎమ్మెల్యే ఫ్లెక్సీ కూడా కట్టారు. పైపులు మెయిన్ రోడ్డు దాకా వచ్చి ఆగిపోయాయి. ఎప్పుడడిగినా "శాంక్షన్ అయింది కదా, వస్తుంది" అనేవాళ్లు. కాలనీ ఆడవాళ్లు ట్యాంకరు దగ్గర బిందెలతో కొట్టుకునేవాళ్లు. చివరికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి మినిట్స్ తీసుకున్నాం. రెండేళ్ల తర్వాతి మీటింగులో, యాభై అంశాల అజెండాలో ఒక మూలన ఒకటే లైను: "ప్రాధాన్యత మార్పు". కాలనీ లైను డబ్బు ఇంకో వార్డు సిమెంటు రోడ్డుకు వెళ్లిపోయింది. ఆ మీటింగులో మన రిజర్వుడు వార్డు మెంబరు కూడా ఉన్నాడు, సంతకం కూడా ఉంది. అడిగితే, "నాకు చదివి వినిపించలేదన్నా" అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. కుర్చీ ఇచ్చి కాగితం ఇవ్వకపోవడం పాత పద్ధతే. ఆ మినిట్స్ జిరాక్సు తీసి కాలనీలో ప్రతి ఇంటికీ పంచాం. లైను పని మళ్లీ అజెండాలోకి ఎక్కింది. నల్లా ఇంకా రాలేదు, పోరు నడుస్తోంది.

అందుకే మహద్‌ను నేను మూడు ఎత్తుల కథగా చెప్తాను. మొదటిది, తీర్మానం చేసి కదలకుండా కూర్చోవడం. రెండోది, మనం కదిలితే తీర్మానం రద్దు చేయడం. మూడోది, రద్దు కూడా చాలకపోతే అసలా ఆస్తి పబ్లిక్‌ది కాదనడం. మీ ఊళ్లో శ్మశానం స్థలం, కమ్యూనిటీ హాలు, డ్రైనేజీ, చెరువు గట్టు, ఏ గొడవైనా తీసుకోండి. అది ఈ మూడింటిలో ఏ ఎత్తు దగ్గర ఉందో చూడండి. ఏ ఎత్తో తెలిస్తేనే ఏ జవాబో తెలుస్తుంది. మొదటి ఎత్తుకు జవాబు చెరువులో దిగడం. రెండోదానికి మినిట్స్, నిధుల లెక్క. మూడోదానికి రికార్డులు, కోర్టు, పదేళ్ల ఓపిక. బాబాసాహెబ్ మూడింటికీ మూడు జవాబులు ఇచ్చాడు. మనం ఎక్కువగా మొదటిదాన్ని మాత్రమే పండగ చేసుకుంటున్నాం.

74వ సవరణ వచ్చాక మంచినీళ్లు, మురికివాడల బాగు, శ్మశానాలు, అన్నీ మున్సిపాలిటీకి అప్పగించదగ్గ పనుల జాబితాలో ఉన్నాయి. ఎస్సీలకు వార్డులూ రిజర్వ్ అయ్యాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో సబ్‌ప్లాన్ చట్టం తెచ్చుకున్నాం, డబ్బు పక్కదారి పట్టకూడదనే. బోలే 1926లో గ్రాంటు ఆపమని అడిగిన దానికి అది మనవడు లాంటిది. ఆయుధాలు లేవనడానికి లేదు.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెప్తున్నా. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ మున్సిపాలిటీకో, పంచాయతీకో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. మీ వాడ పేరుతో గత ఐదేళ్లలో చేసిన తీర్మానాలు, వాటికి కేటాయించిన డబ్బు, ఖర్చయిన డబ్బు, తర్వాత మార్చిన తీర్మానాలు, నాలుగూ అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు వేయండి. వచ్చిన కాగితాన్ని ఇంట్లో పెట్టుకోకండి, వాడ నడిమధ్యన నిలబడి అమ్మలకు, అక్కలకు గట్టిగా చదివి వినిపించండి.

వచ్చే భాగంలో కారంచేడు బాధితులు చీరాలలో నిలబడి చేసిన పోరాటం గురించి రాస్తాను.

జై భీమ్.