పాఠశాలోపాధ్యాయులకు రేడియో ఖగోళశాస్త్ర శిక్షణ

సూర్యాది జ్యోతిస్సులును, నక్షత్రముల నడుమ వ్యాపించియున్న వాయురాశులును వెలువరించు రేడియో తరంగములను గ్రహించి, తన్మూలమున వాని స్వభావమును నిర్ణయించు శాస్త్రము రేడియో ఖగోళశాస్త్రము. దీనిని బడిపిల్లలకు అందింపగల ఉపాధ్యాయులను తీర్చిదిద్దు ప్రయత్నము ఇరువదవ శతాబ్ది తుదిపాదమున అమెరికాలో స్పష్టరూపము దాల్చినది. రేడియో తరంగములను మేఘములు అంతగా అడ్డగింపవు, పగటివెలుగు మరుగుపరుపదు. కావున పగటివేళ నడచు బడికి ఇంతగా అనుకూలించు ఖగోళవిద్య మరియొకటి లేదు.

ఈ శాస్త్రచరిత్రయే బోధకునకు మొదటి పాఠము. న్యూజెర్సీలో బెల్ ప్రయోగశాలల యుద్యోగి యగు కార్ల్ జాన్‌స్కీ, సముద్రముల మీదుగా సాగు టెలిఫోను సంభాషణలకు విఘ్నము కలిగించు రొదను పరిశోధించుచు, 20.5 మెగాహెర్ట్జ్‌ల వద్ద ఉరుములతో సంబంధము లేని సన్నని రొద యొకటి ప్రతిదినమును సుమారు నాలుగు నిమిషములు ముందుగా వచ్చుటను గమనించి, అది 23 గంటల 56 నిమిషముల నాక్షత్రదినము ననుసరించుచు, ధనూరాశి దెసనుండి, అనగా పాలపుంత కేంద్రము వైపునుండి వచ్చుచున్నదని 1933లో ప్రకటించెను. గ్రోట్ రీబర్ 1937లో తన యింటి పెరటిలోనే తొమ్మిది మీటర్లకు పైబడిన డిష్షును నిర్మించుకొనెను. 1951లో హార్వర్డునందు యూవెన్, పర్సెల్ అనువారు కిటికీ వెలుపల అమర్చిన, బాకావంటి గ్రాహకముతో 21 సెంటీమీటర్ల హైడ్రోజన్ తరంగమును పట్టిరి. మహాపరిశోధనలు స్వల్పసాధనములతో జరిగిన ఈ వృత్తాంతము, పరికరములు లేవని నిరుత్సాహపడు ఉపాధ్యాయునకు గొప్ప ధైర్యము నొసగదగినది.

వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ వేధశాలయందు 40 అడుగుల రేడియో దూరదర్శిని 1987 నుండి విద్యార్థులకును ఉపాధ్యాయులకును వినియోగపడుచున్నది. అచ్చట ఉపాధ్యాయుడు ఉపన్యాసము విని మరలిపోవుట గాక, దూరదర్శినిని తానే నడిపి, కాగితముపై గీయబడు రేఖను తానే చదివి, సందేహమును తానే పరిష్కరించుకొనవలయును. పరిశోధింపనివాడు పరిశోధనను బోధింపజాలడను ఈ సూత్రమే తరువాతి శిక్షణలకెల్ల ప్రాణము. 1997లో గోల్డ్‌స్టోన్ నందలి 34 మీటర్ల యాంటెనాను బడిగదినుండియే పిల్లలు నడుపు పథకము వెలసెను. 1998లో నాసా వారి రేడియో జోవ్ అను పథకము ఆరంభమయ్యెను. ఇందు తొలినాళ్ళలో ఉపాధ్యాయులును విద్యార్థులును గ్రాహకమును స్వహస్తములతో టంకము వేసి కూర్చుకొని, సుమారు ఏడేసి మీటర్ల రాగితీగెలతో యాంటెనాలు కట్టి, 20.1 మెగాహెర్ట్జ్‌ల వద్ద పగలు సూర్యుని విస్ఫోటములను, రాత్రి బృహస్పతి ఘోషను వినుచుండిరి.

భారతదేశమున ఈ శాస్త్రమునకు గోవింద్ స్వరూప్ మూలపురుషుడు. ఆయన నేతృత్వమున 1970లో ఉదకమండలమున 530 మీటర్ల పొడవుగల దూరదర్శినియు, అటుపిమ్మట పుణె చేరువ ఖోడద్ వద్ద 45 మీటర్ల డిష్షులు ముప్పది గల జి.ఎం.ఆర్.టి. అను రేడియో దూరదర్శినియు వెలసినవి. ఖోడద్‌లో జాతీయ విజ్ఞాన దినోత్సవమునకు జరుగు ప్రదర్శనకు పరిసర గ్రామముల పాఠశాలలు వచ్చును. పుణెలోని రేడియో భౌతిక ప్రయోగశాల కళాశాల విద్యార్థులకు శిక్షణ నిచ్చుచున్నది.

తెలంగాణమున ఖగోళవిద్యకు పునాది 1901లో నవాబు జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చెందిన జపాల-రంగాపురం వేధశాలలో 1980 ఫిబ్రవరి 16వ తేదీ సంపూర్ణ సూర్యగ్రహణమును 10 గిగాహెర్ట్జ్‌ల రేడియో తరంగములయందును పరిశీలించిరి. అట్టి విద్య విశ్వవిద్యాలయపు గడపదాటి బడులకు చేరవలసియున్నది.

అందుకు సాధనము తెలంగాణమందలి సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్లలలో డాబాల మీది టెలివిజన్ డిష్షుల రూపముననే కలదు. మార్చి నడుమను, అక్టోబరు మొదటను కొన్ని దినములు టెలివిజన్ బొమ్మ కొద్ది నిమిషములు చెదరుట సిరిసిల్ల నేతకార్మికుల పిల్లలును చూచియుందురు. సూర్యుడు ఉపగ్రహము వెనుకకు వచ్చి తన రేడియో రొదతో దాని సంకేతమును ముంచుటయే యందులకు హేతువు. డిష్ బిగించువారు వాడు సంకేతమాపకమును తగిలించి డిష్షును సూర్యునివైపు త్రిప్పిన ముల్లు లేచును, శూన్యాకాశమువైపు త్రిప్పిన పడును, గోడవైపు త్రిప్పిన మరల లేచును. వేడిగల ప్రతి వస్తువును రేడియో తరంగముల నీనునను సత్యము దీనివలన కరతలామలకమగును. కరీంనగరు డైట్ (జిల్లా ఉపాధ్యాయ శిక్షణసంస్థ) వంటివి ఒక పాత డిష్షును, ఒక మాపకమును సమకూర్చుకొని, ఉపాధ్యాయులకు జరుపు శిక్షణలలో రెండు దినములైనను ఈ ప్రయోగమునకు కేటాయింపవలయును.