పట్టా ఎవరి పేరున ఉంది?

మా నాన్నగారు ముప్ఫై ఏళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. 2011లో ఆయన మొదటిసారి ఆస్టిన్‌ వచ్చినప్పుడు తీసుకురావడానికి విమానాశ్రయానికి వెళ్ళాను. ప్రయాణం ఎలా జరిగిందని నేను అడిగేలోపే, “ఇంత భూమి ఎక్కడ దొరికిందిరా వీళ్ళకి? పట్టా ఎవరి పేరున ఉంది?” అన్నారు. సివిల్‌ ఇంజనీరునై ఉండి, ఈ ఊళ్ళో అప్పటికే ఏడేళ్ళుగా ఉంటున్నా జవాబు చెప్పలేకపోయాను. తరువాత చదివి తెలుసుకున్న కథే ఇది.

1942. రెండవ ప్రపంచయుద్ధం జోరుగా సాగుతున్న రోజులు. సైన్యానికి వైమానిక స్థావరం కావలసి వచ్చింది. ఆస్టిన్‌ నగరం ఊరికి ఆగ్నేయంగా డెల్‌ వాలీ దగ్గర సుమారు మూడువేల ఎకరాలు కొని అప్పగించింది. అయితే హక్కు వదులుకోలేదు. వాడుకునే అధికారం ఫెడరల్‌ ప్రభుత్వానిది, దస్తావేజు నగరానిది. అవసరం తీరిన నాడు భూమి నగరానికే తిరిగి రావాలి. ఇదీ ఒప్పందం.

1943లో ఆ స్థావరానికి కెప్టెన్‌ జాన్‌ ఎర్ల్‌ బెర్గ్‌స్ట్రామ్‌ పేరు పెట్టారు. 1941 డిసెంబరు 8న ఫిలిప్పీన్స్‌లోని క్లార్క్‌ ఫీల్డ్‌ మీద జపాన్‌ జరిపిన దాడిలో ఆయన మరణించాడు. ఆ యుద్ధంలో ప్రాణాలిచ్చిన మొదటి ఆస్టిన్‌ వాసి ఆయనే. తరువాతి కాలంలో బి-52 బాంబర్లు కూడా ఇక్కడ ఉండేవి. రన్‌వే పొడవు 12,250 అడుగులు, అంటే దాదాపు మూడు ముప్పావు కిలోమీటర్లు!

ఇక ఊరి విమానాశ్రయం సంగతి. 1930లో మొదలైన మ్యూలర్‌ విమానాశ్రయం సుమారు ఏడువందల ఎకరాల్లో ఇళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. కొత్తది మేనర్‌ దగ్గర కడదామని 1987లో ఓటర్లు ఒప్పుకున్నారు. ఇంతలో ప్రచ్ఛన్నయుద్ధం ముగిసింది. 1991లో బెర్గ్‌స్ట్రామ్‌ మూసివేత జాబితాలోకి ఎక్కింది. స్థావరాన్ని నమ్ముకుని బతుకుతున్నవాళ్ళకు అది పిడుగులాంటి వార్తే. కాని నగరం దగ్గర పాత ఒప్పందం ఉంది. 1993 మే 1న ఓటర్లు నలభై కోట్ల డాలర్ల బాండ్లకు సరేనన్నారు. ఆ సెప్టెంబరులో స్థావరం మూతపడింది.

సైనిక స్థావరంలో రన్‌వే ఉంటుంది గాని ప్రయాణికుల కోసం టెర్మినల్‌, సామాన్ల బెల్టులు, కార్ల పార్కింగు ఉండవు కదా! పాత రన్‌వేను అట్టేపెట్టి, దానికి సమాంతరంగా 9,000 అడుగుల కొత్త రన్‌వే వేసి, రెంటికీ మధ్య టెర్మినల్‌ కట్టారు. తగినంత ఎడం ఉండటంతో రెండు విమానాలు ఒకేసారి దిగగలవు. టెర్మినల్‌కు టెక్సస్‌ నల్లజాతి నాయకురాలు బార్బరా జోర్డాన్‌ పేరు పెట్టారు. 1997లో సరుకుల విమానాలు, 1999 మే 23న ప్రయాణికుల విమానాలు మొదలయ్యాయి. వైమానిక దళపు గుండ్రటి కార్యాలయ భవనం 2001లో హోటలైంది. జనం దాన్ని ‘డోనట్‌’ అంటారు. మా నాన్నగారు “గారె” అన్నారు! మ్యూలర్‌ స్థలంలో ఇళ్ళు, పార్కులు వెలిశాయి, 2007లో పిల్లల ఆసుపత్రి వచ్చింది.

ఇదంతా చెబితే నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తరువాత, “మరి నగరానికి అమ్మిన రైతులకేమొచ్చింది?” అన్నారు. భూమి తిరిగి వచ్చింది నగరానికే. అప్పుడు పుచ్చుకున్న డబ్బుతోనే రైతుల సంబంధం తీరిపోయింది.

ఆయన ఎందుకడిగారో నాకు తెలుసు. మా తాతగారి రెండెకరాలు ఒకప్పుడు ప్రజావసరానికని తీసుకున్నారు. కట్టిందేమీ లేదు. తుమ్మచెట్లు మొలిచాయి. తిరిగి ఇమ్మని అడిగితే, “షరతు ఎక్కడ రాసుంది?” అన్నారట. అయిదేళ్ళపాటు వాడని భూమి సొంతదారుకో, ప్రభుత్వ భూమి బ్యాంకుకో వెళ్ళాలని 2013 భూసేకరణ చట్టంలో రాశారు. తాతగారి కాలంలో అలాంటి ఆధారం లేదు.

మనలో చాలామంది సొంతఊళ్ళో బడికో, ఆసుపత్రికో స్థలం రాసివ్వాలనుకుంటాం. మంచి పనే, తప్పక చెయ్యండి. కాని సంతకం పెట్టే ముందు నాన్నగారి మాట ఒక్కటి గుర్తుంచుకోండి: “ఇచ్చిన పనికి వాడకపోతే ఏమవుతుందో కూడా ఆ కాగితంలోనే రాయించు నాయనా!”