మధిర పొలిమేర గీసిన పొత్తు

మధిర నుంచి నందిగామ వైపు వెళ్తే రాష్ట్ర సరిహద్దు తగులుతుంది. 2014లో రాష్ట్ర విభజనతో మళ్లీ తెరమీదికి వచ్చినా ఈ గీత ఆనాటిది కాదు. 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. సరిహద్దుకు అవతలి కొండపల్లి కంపెనీ పాలైంది. మధిర నిజాం ఏలుబడిలో మిగిలింది. బదులుగా ఆయనకు దొరికింది సైనిక సాయం హామీ.

1768 ఒప్పందం ప్రకారం నిజాం అడిగితే కంపెనీ రెండు పటాలాలు పంపాలి, ఖర్చు నిజాందే. 1790లో మైసూరు ఏలిక టిప్పు సుల్తాను మీద పోరుకు ఈ పొత్తులో మరాఠాలు కూడా కలిశారు. రెండేళ్లకు టిప్పు తన రాజ్యంలో సగం పోగొట్టుకున్నాడు. ముగ్గురూ వాటాలు పంచుకున్నారు, కానీ దక్కనులో కంపెనీని నిలువరించగల బలం ఆనాడే సగానికి పడిపోయింది.

1795లో ఖర్దా దగ్గర మరాఠాలు నిజాంను ఓడించారు. ఇద్దరూ మాకు మిత్రులేనంటూ గవర్నర్ జనరల్ జాన్ షోర్ కదల్లేదు. ఆపదలో అక్కరకు రాని స్నేహం చూసి నిజాం తన కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ చేతికింది ఫ్రెంచి దళాన్ని పెంచాడు. అది సుమారు 14,000 మందికి చేరింది. ఇది షోర్ తర్వాత గవర్నర్ జనరల్‌గా వచ్చిన వెల్లెస్లీకి మింగుడుపడలేదు. 1798 సెప్టెంబరు 1న కుదిరిన సైన్య సహకార ఒడంబడికతో పటాలాలు ఆరయ్యాయి, ఏటా రూ.24,17,100 నిజాం నెత్తిన పడింది. అక్టోబరులో ఫ్రెంచి దళం ఆయుధాలు దించింది.

1800లో పటాలాలు ఎనిమిదయ్యాయి. వాటి ఖర్చు కింద, టిప్పు నుంచి వచ్చిన దత్త మండలాలే కంపెనీకి వెళ్లిపోయాయి. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉందని నేననుకుంటాను: కంపెనీకి తెలియకుండా మరే రాజ్యంతోనూ మంతనాలు జరపకూడదన్న షరతు. నేల పోతే తిరిగి గెలుచుకోవచ్చు. మిత్రుణ్ణి ఎంచుకునే హక్కు పోయాక గెలిచే దారే ఉండదు. 1802లో పీష్వా కూడా ఇలాంటి ఒడంబడికకే తలవంచాడు.

1860లో గోదావరి ఎడమగట్టు కూడా చేతులు మారింది. భద్రాచలం బ్రిటిషు వారికి, ఏటికి ఇవతలి పాల్వంచ నిజాంకు. అడవి ఒకటే, సర్కార్లు రెండు.

1947లో బ్రిటిషువారు వెళ్లిపోవడంతో ఆ ఒడంబడికలు ఇచ్చిన రక్షణ రద్దయింది. సొంతంగా స్నేహాలు నడిపి దాదాపు నూటయాభై ఏళ్లయిన హైదరాబాదు 1948 ఆగస్టులో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తలుపు తట్టింది. సెప్టెంబరు 13న షోలాపూరు నుంచి, బెజవాడ నుంచి భారత సేనలు కదిలాయి. 17న నిజాం లొంగిపోయాడు.